వేరు కుంపటి లెక్కలు

అమెరికా నుంచి విడిపోదామని టెక్సాస్‌లో కొందరికి అప్పుడప్పుడూ పూనకం వస్తుంటుంది. జెండా ఉంది, జోరుంది. మరి ముసలాళ్ల సోషల్ సెక్యూరిటీ పింఛను ఎవరివ్వాలి? జాతీయ అప్పులో వాటా ఎంత? హరికేన్ ముంచితే సాయం ఎవరినడగాలి? అబ్బే, ఇంత ఆవేశంలో ఆ పిడకల వేట ఎందుకట!

పాత పద్దు ఒకటుంది. 1861లో టెక్సాస్ విడిపోయామంది. ఆపై వచ్చిన అంతర్యుద్ధం ఖర్చులకు తన దగ్గరున్న అమెరికా బాండ్లు అమ్ముకుంది. ఓడిపోయాక, అవి మావే ఇప్పించండంటూ తానే సుప్రీంకోర్టు మెట్లెక్కింది. 1869లో కోర్టు బాండ్లు ఇప్పించింది, దాంతోపాటే అసలు మీరు విడిపోనే లేదనీ తేల్చేసింది!

అయ్యా, ముందు చిట్టా తెరవండి. జెండా తర్వాత ఎగరేద్దురు.