పైన నక్షత్రం, కింద కిస్తీ

ఈస్టర్ తేదీ యేటా మారుతుంది, సరే. క్రిస్మస్ ఎప్పుడూ డిసెంబరు 25నే కదా! అయినా చాలా ఇళ్లకు అది చెప్పాపెట్టకుండా దిగిన చుట్టంలాగే వస్తుంది.

నెల మొదట్లో డాబా మీద నక్షత్రం వెలుగుతుంది. ఇంటాయన ముఖం వాడుతుంది. పిల్లలకు బట్టలు, ఇల్లాలికి తెల్లచీర, అరిసెలకు బెల్లం, బిర్యానీకి వేటమాంసం, క్యారల్స్ వాళ్ల చేతిలో పెట్టడానికి ఎంతో కొంత, చర్చిలో కానుక కవరు. జీతమా? పాలవాడూ కిరాణాకొట్టూ ఎప్పుడో పంచేసుకున్నారు. 2025 సెప్టెంబరులో కేకుల మీద జీఎస్‌టీ 18 నుంచి 5 శాతానికి దిగింది. ఆ మిగులు చూసుకుని కిలో కేకు కాస్తా రెండు కిలోలైంది.

ఆనాడు తూర్పుదేశపు జ్ఞానులు బంగారం పట్టుకుని పసిబిడ్డను వెతుక్కుంటూ వచ్చారు. ఈనాటి జ్ఞానులు బంగారం పట్టుకుని తాకట్టు కొట్టు వెతుక్కుంటూ పోతున్నారు.

బంగారం కూడా లేనివారికి వడ్డీ అప్పే గతి. నూటికి మూడు రూపాయల వడ్డీకి పదివేలు తెస్తే, వచ్చే పండుగ నాటికి వడ్డీయే 3,600. అదే జనవరి నుంచి నెలకు 500 చొప్పున బ్యాంకులో రికరింగ్ డిపాజిట్ కడితే నవంబరుకు 5,500, పై వడ్డీ మనకే. ఈ లెక్క తెలియనివారు లేరు, జనవరిలో గుర్తున్నవారూ లేరు.

అయ్యా, ఈసారి అప్పు ఎలాగూ తీర్చక తప్పదు. అది తీరాక కిస్తీ ఆపకండి, మీ పేరునే కట్టుకోండి.