5 వాట్ల దాన్ని, అయితేనేం?

నేను వాల్వుతో పనిచేసే చిన్న గిటార్ యాంప్లిఫయర్‌ని. నా శక్తి 5 వాట్లు. సౌండు అంటే వేల వాట్ల లెక్కలోనే మాట్లాడుకునే కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాల్లో ఇది చెప్పుకోదగ్గ అంకె కాదు. బరాత్ ముందు నడిచే డీజే బండి పక్కన నన్ను పెడితే పిల్లల ఆటవస్తువనుకుంటారు. ఇంట్లో సాధన చేస్తూ, అప్పుడప్పుడు చర్చిలోనో ఫంక్షన్ హాల్లోనో వాయించే మనిషి నన్ను కొనాలా, నాకు పదింతలున్న 50 వాట్ల పెట్టెను కొనాలా అన్నది ఎప్పుడూ ఉండే ప్రశ్న. నా కథ చెబుతూనే నా జవాబు కూడా చెబుతాను. మనిషి కొనుక్కునేది తన గదికి సరిపోవాలి. సభంతటికీ వినిపించే పనిని సభ కోసం పెట్టిన సౌండ్ సిస్టమ్‌కే వదిలేయాలి.

నా వంశం ఇక్కడివాళ్లకు కొత్తది కాదు. నాలో స్పీకర్‌ను నడిపే వాల్వు పేరు ఈఎల్84. 1950లలో ఫిలిప్స్ తయారుచేసిన ఈ వాల్వును గిటార్ కోసమని ఎవరూ తయారుచేయలేదు. ఆన్ చేశాక కాసేపు వేడెక్కితే గానీ పలకని పాత చెక్కపెట్టె రేడియోలున్నాయే, వాటి స్పీకర్లను నడిపింది ఇదీ, దీని అన్నదమ్ములూ. బెంగళూరులోని భారత్ ఎలక్ట్రానిక్స్ 1961లో రేడియో వాల్వుల తయారీ మొదలుపెట్టింది. ‘బెల్’ ముద్ర ఉన్న ఈఎల్84లను పాత సరుకు పోగుచేసేవాళ్లు ఇప్పటికీ వెతుక్కుంటారు. అదే వాల్వులు రెండు పెట్టి 1958లో ఇంగ్లండ్‌లో వాక్స్ ఏసీ15 అనే 15 వాట్ల గిటార్ యాంప్లిఫయర్‌ను తెచ్చారు. అమెరికాలో ఫెండర్ కంపెనీ అంతకుముందే 6వీ6 వాల్వు ఒక్కదానితో దాదాపు 5 వాట్ల చాంప్‌ను అమ్ముతోంది. నేను ఆ రెండు కుటుంబాల మధ్య పుట్టినదాన్ని.

నా లోపల దాచుకునేదేమీ లేదు. తీగ కదిలితే గిటార్ పికప్‌లో పుట్టే బలహీనమైన సంకేతాన్ని 12ఏఎక్స్7 అనే చిన్న వాల్వు పెంచుతుంది. ఈఎల్84 దానికి బలమిస్తుంది. అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ ఆ బలాన్ని స్పీకర్‌కు తగినట్టు మార్చి అందిస్తుంది. ఈఎల్84 తన ఒంటి మీద 12 వాట్ల వరకు వేడిని మోస్తూ చివరికి ఇచ్చేది 5 వాట్లే. తినేది ఎక్కువ, చేసేది తక్కువ అంటే ఒప్పుకుంటాను. ఆ తిండికి దక్కే ఫలం వేరే ఉంది. మెల్లగా మీటితే స్వరం తేటగా వస్తుంది, గట్టిగా మీటితే కొద్దికొద్దిగా గరుకెక్కుతుంది. మామూలు ట్రాన్సిస్టర్ పెట్టె తన హద్దు దగ్గర అలను కత్తిరించినట్టు తెంపేస్తుంది. వాల్వు ఆ హద్దును చేరేలోపే వంగడం మొదలుపెడుతుంది. వాల్వు యాంప్లిఫయర్‌ను ఇష్టపడేవాళ్లు డబ్బు పెట్టేది ఈ గుణానికే. అయితే వాల్వు తన హద్దు దగ్గర పనిచేస్తేనే అది బయటపడుతుంది. 50 వాట్ల పెట్టె ఇంట్లో ఆ హద్దు దరిదాపులకు కూడా వెళ్లలేదు. దాన్ని కొన్నవాడు ఏ గుణం కోసం డబ్బు పెట్టాడో ఆ గుణాన్నే వాడుకోకుండా ఉండిపోతాడు.

ఇక వాట్ల లెక్కకొద్దాం. ఒకే స్పీకర్‌కు 5 బదులు 50 వాట్లిస్తే పెరిగేది 10 డెసిబెళ్లు. చెవికి అది సుమారు రెట్టింపుగా వినిపిస్తుందంతే, పదింతలు కాదు. స్పీకర్ మార్పు ఇంతకంటే చవగ్గా పనిచేస్తుంది. ఒక వాటుకు ఒక మీటరు దూరంలో 91 డెసిబెళ్లిచ్చే స్పీకర్‌ను తీసేసి 97 ఇచ్చేదాన్ని పెడితే, యాంప్లిఫయర్ శక్తిని నాలుగింతలు చేసినంత ఫలితం వస్తుంది. అంత సున్నితమైన స్పీకర్ ఉంటే నా 5 వాట్లు మీటరు దూరంలో 104 డెసిబెళ్లు పలుకుతాయి. అందుకే నాలాంటిదాన్ని కొనేవాళ్లు వాట్ల కంటే ముందు స్పీకర్ సున్నితత్వం అడగాలి. బయటి స్పీకర్‌కు జాక్ ఉందా, దాని ఓములు సరిపోతాయా అన్నది కూడా చూడాలి. స్పీకరే తగిలించకుండా నన్ను ఆన్ చేసి వాయిస్తే నా అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోవచ్చు.

ఇంట్లో అయితే నేను చిన్నదాన్నన్న ఫిర్యాదు తిరగబడుతుంది, అక్కడ నేను పెద్దదాన్నే. మనుషుల మామూలు మాట 60 డెసిబెళ్లు. నన్ను పావు వాటుకు దించినా, ఆ 97 డెసిబెళ్ల స్పీకర్ మీటరు దూరంలో 91 పలుకుతుంది. శబ్ద కాలుష్యంపై కేంద్రం 2000లో తెచ్చిన నిబంధనలు నివాస ప్రాంతాలకు పగలు 55, రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు 45 డెసిబెళ్లు హద్దుగా పెట్టాయి. గోదావరిఖని, మందమర్రి, బెల్లంపల్లి లాంటి బొగ్గు పట్టణాల్లో చట్టం కంటే ముందు పక్క క్వార్టర్ అడ్డొస్తుంది. సింగరేణిలో రాత్రి షిఫ్టు చేసి వచ్చిన మనిషి గోడకవతల పట్టపగలు నిద్రపోతుంటాడు. అక్కడ 50 వాట్లు ఉన్నా వాడుకునే చోటే లేదు. వాక్స్ ఏసీ4టీవీ అనే చిన్న యాంప్లిఫయర్‌లో 4, 1, పావు వాట్ల మధ్య మార్చుకునే స్విచ్ ఉన్నది ఇలాంటి ఇళ్ల కోసమే.

ఇంటి సంగతి సరే, వేదిక మీద ఏం చేస్తావంటారు. ఈ నేలలో పాతుకున్న ఒక పద్ధతిని సాక్ష్యంగా తెస్తాను. ఆదిలాబాద్ రాజగోండుల దండారి పండుగలో, గుస్సాడీ ఆటకు ఆరుబయట గుమేళ, పెప్రె వాద్యాలు మోగుతాయి. గోండుల పురాణ గాథలను పాడే ప్రధానులు కూర్చున్న శ్రోతల ముందు మూడు తీగల కిక్రిని వాయిస్తారు. ఆ కిక్రి ఆరుబయటి వాద్యాలతో పోటీకి దిగదు, దిగాల్సిన అవసరం కూడా లేదు. చోటును బట్టి వాద్యం అన్న తెలివి ఇక్కడ ఎప్పటినుంచో ఉంది. నాదీ అదే దారి. ఆరుబయట దూరం రెట్టింపైన ప్రతిసారీ శబ్దం 6 డెసిబెళ్లు తగ్గుతుంది. మీటరు దగ్గర 104 పలికే నేను 16 మీటర్ల వరుసకు చేరేసరికి 80కి పడిపోతాను. నా పదింతల పెట్టె కూడా అక్కడ 90 దగ్గరే ఆగుతుంది. చివరి వరుసకు వినిపించే పని మా ఇద్దరిదీ కాదు. నా స్పీకర్ ముందు ఒక డైనమిక్ మైకు పెట్టి మిక్సర్‌కు కలిపితే, కరీంనగర్ కళాభారతి అయినా, టెంటు కింద పెళ్లి అయినా, హాలు సౌండ్ బాక్సులే ఆ పని చూసుకుంటాయి. గిటారిస్టు ఎరిక్ క్లాప్టన్ 1970లో ‘లేలా’ ఆల్బమ్ రికార్డింగుకు వాడింది చిన్న చాంప్‌నే. మైకు ముందు పెట్టె చిన్నదా పెద్దదా అన్నది వినేవాడికి తెలియదు.

నా వాదనకు బలమున్న అభ్యంతరాలూ ఉన్నాయి. పక్కన డ్రమ్స్ గట్టిగా మోగుతుంటే, గరుకు లేని తేట స్వరం కావాలంటే నా 5 వాట్లు చాలవన్నది నిజం. మైకు దొరకని చోట అలా వాయించాల్సి వస్తే రెండు ఈఎల్84ల 15 వాట్ల పెట్టె కావాలి. నా కంటే చవగ్గా, తేలిగ్గా, హెడ్‌ఫోన్లతో సహా దొరికే డిజిటల్ పెట్టెలున్నాయన్నదీ నిజమే. అవి నా గొంతును చాలా దగ్గరగా అనుకరిస్తాయి కూడా. కానీ వాటి బోర్డు పాడైతే ఊళ్లో బాగుచేసేవాళ్లను వెతకడం కష్టం. నాలో ఉన్నవి లెక్కపెట్టగలిగినన్ని భాగాలు. సర్క్యూట్ చదవగలిగిన పాత రేడియో మెకానిక్‌కు నేను అర్థమవుతాను. స్లొవేకియా, రష్యా, చైనాల్లో వాల్వులు ఇప్పటికీ తయారవుతున్నాయి. అయితే నా లోపల 300 వోల్టుల దాకా ఉంటాయి, ప్లగ్ పీకాక కూడా కెపాసిటర్లలో నిలిచి ఉంటాయి. అందుకని తెలియని చేయి నన్ను తెరవకూడదు.

అసలైన చిక్కు కరెంటుది. నా వాల్వుల ఫిలమెంటుకు 6.3 వోల్టులు కావాలి. గోడలో 230 కాస్తా వ్యవసాయ మోటార్లు నడిచే వేళ 180కి దిగితే దానికందేది 4.9. 260కి ఎగిరితే 7.1. ఈ ఎగుడుదిగుళ్లు నా ఆయుష్షును తింటాయి కాబట్టి మంచి స్టెబిలైజర్ ధరను కూడా నా ధరలో కలుపుకోవాలి. స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద నేను గుర్రుమంటాను. అమెరికా నుంచి ఎవరైనా తెచ్చిన 120 వోల్టుల, 60 హెర్ట్‌జ్‌ల పెట్టెకు వోల్టేజి తగ్గించినా మన 50 హెర్ట్‌జ్‌ల దగ్గర దాని ట్రాన్స్‌ఫార్మర్ ఎక్కువ వేడెక్కుతుంది. అన్నిటికంటే ముఖ్యం ఎర్తింగ్. గిటార్ తీగలు నా ద్వారా భూమికి కలిసి ఉంటాయి. టెంటు కింద జనరేటర్ లైను నుంచి నాకూ మిక్సర్‌కూ వేర్వేరుగా కనెక్షనిచ్చి ఎర్తింగ్ సరిగా లేకపోతే, తీగ మీద చేయి ఉంచి మైకుకు పెదవి ఆనించిన గాయకుడికి షాక్ కొట్టవచ్చు. మూడో పిన్ను విరిచేసి ప్లగ్ పెట్టే అలవాటు మానాలి. నాకూ మిక్సర్‌కూ ఒకే బోర్డు నుంచి కరెంటు తీసుకోవాలి.

వీటన్నిటినీ కూడితే తేలేది ఇది. రోజూ ఇంట్లో, అప్పుడప్పుడు మైకూ మిక్సరూ ఉన్న వేదిక మీద వాయించేవాళ్లు నన్ను తీసుకోవాలి. పవర్ తగ్గించే స్విచ్, బయటి స్పీకర్ జాక్, 230 వోల్టుల గుర్తు, మూడు పిన్నుల ప్లగ్ ఉన్నాయో లేదో చూడాలి. అంగడిలో గట్టిగా వాయించి మురిసిపోకుండా, ఇంట్లో వాయించేంత మెల్లగా వాయించి వినాలి. ఆరుబయట డ్రమ్స్ పక్కనే బతుకు గడిచేవాళ్లు 15 వాట్ల దగ్గరికి వెళ్లాలి. హెడ్‌ఫోన్లలో తప్ప వాయించే వీలు లేనివాళ్లు డిజిటల్ పెట్టె కొనుక్కోవాలి, నా మీద డబ్బు పెట్టొద్దు. 50 వాట్ల పెట్టెను మాత్రం ఈ ముగ్గురిలో ఎవరూ కొనాల్సిన పనిలేదు.