బీరువా తెరవకుండా రిటైర్ అవడం ఎలా?

రిటైర్మెంటుకి ఏడాది ముందే ఇంట్లో ఏముందో, ఎవరికేం కావాలో, ఎవరెంత బాకీయో లెక్క చూసుకోమని కొందరు పోరు పెడతారు. వాళ్ళ మాట విన్నారో, ఆదివారాలు పోయినట్టే. లెక్క చూస్తే బెంగ, చూడకపోతే ధీమా. కింది చిట్కాలన్నీ నేను స్వయంగా పాటించినవే. పైసా ఖర్చు లేదు, ఒళ్ళు వంచక్కర్లేదు.

1. ముందు వాయిదా వేయండి. ఇందులో ప్రభుత్వమే మనకు తోడు. ఆంధ్రప్రదేశ్‌లో 58 ఏళ్ళ వయోపరిమితి 2014లో 60 అయింది, 2022లో 62కి పెరిగింది. తెలంగాణలో 2021లో 58 కాస్తా 61 అయింది. ఎవరైనా "తర్వాత ఏం చేద్దామనుకుంటున్నారు?" అంటే "ఇంకో రెండేళ్ళు పెంచుతారట" అనండి. ఎవరన్నారని నిలదీస్తే, సెక్రటేరియట్‌లో మనవాడొకడున్నాడని చెప్పండి. మనవాడు ఎప్పుడూ ఉంటాడు.

2. బీరువా జోలికి వెళ్ళకండి. మా బీరువా కింది అరలో ఒక బిస్కెట్ డబ్బా ఉంది. ఎల్ఐసీ బాండ్లు, ఇంటి దస్తావేజు జిరాక్సు, అమ్మాయి పెళ్ళి క్యాసెట్టు, ఆగిపోయిన వాచీ, మా నాన్నగారి పేరన రెండు డిపాజిట్ రసీదులు, అన్నీ అందులోనే. కాగితాలకు వేసిన రబ్బరు బ్యాండు ఎండిపోయి, వానపాములా అతుక్కుపోయింది. లాగితే కాగితం చిరుగుతుంది. అందుకే పదేళ్ళుగా లాగలేదు. దీన్ని బద్ధకం అనేవాళ్ళకు పాత పత్రాల విలువ తెలియదు.

ఆ డిపాజిట్ల గురించి కూడా కంగారు వద్దు. పదేళ్ళపాటు ఎవరూ అడగకపోతే బ్యాంకువాళ్ళే ఆ సొమ్మును రిజర్వు బ్యాంకు నిధికి జమ చేస్తారు. అంతకంటే భద్రమైన చోటు మన ఇంట్లో ఉందా? ఉద్గమ్ పోర్టల్‌లో పేరు కొట్టి వెతకొచ్చు మావయ్యా అంటాడు మా అల్లుడు. అల్లుడి మాట ఒకసారి విన్నామంటే ఇక లోకువే.

3. ఉద్యోగంలో చేరిన కొత్తలో తెరిచిన ఖాతాకు నామినీగా అమ్మ పేరు రాశారు కదా? అలాగే ఉంచండి. అమ్మ పోయి పన్నెండేళ్ళయినా సరే. ఫారం నింపడం పెద్ద పనేం కాదు, తల్లి పేరు కొట్టేయడానికి చెయ్యి రాలేదని చెబితే భార్య కూడా ఏమీ అనలేదు.

4. చేబదుళ్ళ విషయంలో పెద్దరికం చూపించండి. ప్రోనోటు రాయించుకోండి, మడిచి పెట్టుకోండి, మరిచిపోండి. మూడేళ్ళకు దానికి కాలదోషం పడుతుంది. ఈలోగా ఎంతో కొంత కట్టించుకుని, వెనక చెల్లు రాయించి సంతకం పెట్టించుకుంటే మళ్ళీ ప్రాణం పోసుకుంటుందట. పండక్కి వచ్చిన బావమరిది ముందు ఆ కాగితం తీస్తే గారెలు చల్లారిపోవూ? నేను మూడు సంక్రాంతులు మర్యాదగా ఊరుకున్నాను. నాలుగో సంక్రాంతికి అతనే పక్కన చేరి, ఎంతో ఆప్యాయంగా, "బావగారూ, అది రాసి ఎన్నాళ్ళయిందంటారు?" అన్నాడు. తేదీతో సహా చెప్పాను. ఇంకో గారె వేయించుకున్నాడు.

5. గ్రాట్యుటీ చేతికి రాగానే పైన మేడ వేయండి. డాలస్‌లో ఉన్న అబ్బాయి రెండేళ్ళకోసారి, డిసెంబర్‌లో మూడు వారాలు వస్తాడు గనక మూడు పడకగదులు ఉండాల్సిందే. పూజగది పైనే కట్టించండి. మోకాళ్ళ నొప్పులతో రోజూ పద్దెనిమిది మెట్లెక్కి దీపం పెడితే మా ఆవిడకు పుణ్యం, వ్యాయామం కలిసొస్తాయి. బాత్రూముకు అద్దంలా మెరిసే టైల్స్ వేయించండి. గోడకు పట్టుకునే కడ్డీ బిగిస్తామని మేస్త్రీ అంటే "మేమేం ముసలివాళ్ళమా?" అని గద్దించండి.

6. ఆవిడ వేసుకునే మాత్రల పేర్లు తెలుసుకోవద్దు. రంగు తెలిస్తే చాలు. డాక్టరు అడిగితే "పొద్దున తెల్లది, రాత్రి గులాబీది" అనండి.

7. పిల్లల్ని కూర్చోబెట్టి ఏదీ అడగకండి. అబ్బాయి తన దగ్గరికి రమ్మంటాడని మీరు అనుకోండి, అమ్మాయి చూసుకుంటుందని అబ్బాయి అనుకుంటాడు, అన్నయ్య ఉన్నాడుగా అని అమ్మాయి అనుకుంటుంది. ఎవరూ నోరు విప్పనంతకాలం ఇది అన్యోన్యమైన కుటుంబం.

ఈ అన్యోన్యం చెడకముందే ఇల్లు అబ్బాయి పేరన గిఫ్ట్ డీడు రాసేయండి. మమ్మల్ని చూసుకోవాలి అన్న షరతు మాత్రం రాయించకండి. ఆ షరతు ఉండి, పిల్లలు చూడకపోతే, 2007 నాటి తల్లిదండ్రుల పోషణ చట్టం కింద ఆర్డీవో దగ్గరికెళ్ళి డీడు రద్దు చేయించుకునే వీలుంటుంది. అంటే అర్జీ, వాయిదా, ఆఫీసు బెంచీ మీద పడిగాపులు. షరతే రాయకపోతే ఈ తిప్పలన్నీ మరింత గట్టిగా పడాలని డాక్యుమెంట్ రైటర్ ఏదో గొణిగాడు. నాకు ఆకలేస్తోంది, సరిగ్గా వినలేదు. అమ్మాయి సంగతేమిటంటే పసుపు కుంకుమ కింద ఇచ్చేశామనండి. పిత్రార్జితంలో ఆడపిల్లకు సమాన హక్కు మన దగ్గర 1986లోనే వచ్చింది, దేశమంతా 2005లో వచ్చింది. ఆ సంవత్సరాలు తెలిసినవాళ్ళెవరూ ఇంటికి రాకుండా చూసుకోండి.

8. వీలునామా తెల్లకాగితం మీద రాసినా చెల్లుతుంది, ఇద్దరు సాక్షులు సంతకం పెడితే చాలు, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. ఇంత తేలికైన పని ఎప్పుడైనా చేయొచ్చు. కాబట్టి ఈరోజు చేయకండి.

9. బీరువా తాళంచెవి ఎక్కడ పెడుతున్నారో ఇంట్లో ఎవరికీ చెప్పకండి. నేను ప్రతి నెలా చోటు మార్చేవాణ్ణి. బియ్యం డబ్బా, దేవుడి పటం వెనక, పాత కుక్కరు. రేపు మతిమరుపు వస్తే ఇబ్బంది కదా అని, మొన్న ఒక చీటీ మీద ఆ చోటు శుభ్రంగా రాసి, చేజారకుండా బిస్కెట్ డబ్బాలో పెట్టి బీరువాకు తాళం వేశాను.