సర్వీస్ సెంటర్ ఫోను (టీకాతాత్పర్య సహితము)

మూలము: "సార్, బండి చూశాం. ఆయిలు, ఫిల్టరు మామూలే. అలైన్‌మెంటు, బ్యాలెన్సింగు పెట్టాం. డీకార్బనైజింగు కూడా చేయించుకుంటే బండి స్మూత్‌గా ఉంటది. ఏసీ గ్యాసు కొంచెం తగ్గింది. ప్యాడ్లు ఈసారికి నడుస్తాయి. సాయంత్రం ఇచ్చేస్తాం. చేసేయమంటారా?"

అవతారిక: ఈ వచనం పొద్దున పదకొండుకూ పన్నెండుకూ నడుమ పుడుతుంది. వక్త సర్వీస్ అడ్వైజరు. శ్రోత పెందలాడే కారు అప్పగించి, ఆటో పట్టుకుని ఆఫీసుకు చేరి, మీటింగులో కూర్చున్నవాడు. గొంతు తగ్గించి మాట్లాడాల్సిన చోట ఉన్నాడు గనక ఎదురుప్రశ్న వేయలేడు. ఆ సంగతి వక్తకు తెలియనిది కాదు. కాబట్టి ప్రతివచనం తరతరాలుగా ఒక్కటే: "సరే, చేసేయండి."

కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్యలు రాసిన మల్లినాథ సూరిది మెదక్ సీమలోని కొలిచెలమ, అంటే నేటి కొల్చారం. మూలంలో లేనిది రాయను, అక్కర్లేనిది చెప్పను అని ఆయన పెట్టుకున్న నియమం. ఆ సీమ మీదుగా రోజూ ఇన్ని కార్లు పోతున్నా, కారున్న ప్రతివాడూ ఏడాదికోసారైనా వినే ఈ వచనానికి మాత్రం ఎవరూ టీక రాయలేదు. మల్లినాథుడి నియమంలో రెండో సగాన్ని సర్వీస్ సెంటర్లూ పాటిస్తే ఈ వ్యాఖ్యకు అవసరం ఉండేది కాదు.

సార్: సంబోధన ప్రథమ. "మేడమ్" అని పాఠాంతరం. ఆ ప్రతుల్లో చివర "ఇంట్లో సార్‌ని ఓసారి అడిగి చెప్తారా" అనే ప్రక్షిప్తం కనిపిస్తుంది. బండి కొన్నదీ నడిపేదీ ఆవిడే అయినా సరే.

బండి చూశాం: ఉత్తమ పురుష బహువచనం. ఎవరెవరు చూశారన్నది సందిగ్ధం. వక్త చూసింది జాబ్ కార్డు, అందులోని కిలోమీటర్ల అంకె. బండిని లిఫ్టు మీదికెక్కించి చక్రాలు ఊడదీసి చూసినవాడు వేరే. అతనికి ఫోను ఉండదు, ఇతనికి స్పానరు ఉండదు. ఈ ఇద్దరి మధ్య జరిగే అనువాదంలో ఏమేం జారిపోతాయో ప్యాడ్ల దగ్గర చూద్దాం.

ఆయిలు, ఫిల్టరు మామూలే: ఇక్కడ "మామూలు" అంటే ఆనవాయితీగా జరిగేది అనే అర్థం, ఆఫీసుల్లో చేతులు మారేది కాదు. ఇప్పటి పెట్రోలు కార్లు చాలావాటికి పదివేల కిలోమీటర్లు లేదా ఏడాది, ఏది ముందైతే అది. ఈ "ఏది ముందైతే" దగ్గరే పూర్వపక్షం లేస్తుంది: "ఏడాదిలో మూడువేలే తిరిగింది, ఆయిలెందుకు మార్చాలి?" సమాధానం: తక్కువ తిరిగిన బండికే ఆ మార్పు మరీ అవసరం. ఇంటి నుంచి కూరగాయల మార్కెట్టుకూ, బడికీ రెండేసి కిలోమీటర్లు తిరిగే ఇంజిన్ పూర్తిగా వేడెక్కకముందే ఆగిపోతుంది. లోపల చేరిన తేమ, కొద్దిపాటి పెట్రోలు ఆవిరై పోయే వీలు లేక ఆయిల్లోనే కలిసి ఉండిపోతాయి.

డబ్బా మీద 5డబ్ల్యూ-30 అని ఉంటే మొదటి అంకె చలిలో ఆయిలు ఎంత తేలిగ్గా కదులుతుందో చెబుతుంది. రెండోది వేడెక్కాక దాని చిక్కదనాన్ని. ఏ అంకె వాడాలన్నది బండితో ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది. "మన ఎండలకు చిక్కటిదే మంచిది సార్" అనే సలహాకు ఆ పుస్తకం ఒప్పుకుంటేనే విలువ. ఇక రంగు చూసి తీర్పు చెప్పేవాళ్లు డీజిల్ బండి దగ్గర తప్పకుండా బోల్తా పడతారు: మసి పట్టి అందులో ఆయిలు మార్చిన కొద్దిరోజులకే నల్లబడుతుంది, అది దాని స్వభావం. చూడవలసింది మట్టం. చదునైన చోట బండి ఆపి, ఇంజిన్ కట్టేసి, కాసేపాగి, డిప్‌స్టిక్ లాగి పాత బనీను గుడ్డతో తుడిచి, మళ్లీ ముంచి తీయాలి. కొసన రెండు గీతలుంటాయి. ఆయిలు వాటి మధ్య ఉంటే చాలు. పై గీత దాటేలా పోయడం ఔదార్యం అనిపించుకోదు, అదీ ఇంజిన్‌కు చేటే.

అలైన్‌మెంటు, బ్యాలెన్సింగు పెట్టాం: ఎక్కడ పెట్టారు? బిల్లులో. ఈ జంటను వక్తలు తల్లిదండ్రులు, రామలక్ష్మణులు అన్నట్టు ద్వంద్వ సమాసం చేసి వాడతారు. నిజానికి రెండూ వేర్వేరు జబ్బులకు వేర్వేరు మందులు. చక్రాలు రోడ్డుకూ ఒకదానికొకటీ ఏ కోణంలో నిలబడ్డాయో సరిచూడటం అలైన్‌మెంటు. స్టీరింగు వదులుగా పట్టుకుంటే తిన్నని రోడ్డు మీద బండి ఒక పక్కకు లాగడం, టైరు లోపలి అంచో బయటి అంచో మాత్రమే అరగడం దీని లక్షణాలు. చక్రం చుట్టూ బరువు సమంగా లేకపోతే చేసేది బ్యాలెన్సింగు. ఊళ్లో ఏమీ తెలియదు. హైదరాబాద్ ఔటర్ ఎక్కి ఎనభై, తొంభై దాటగానే స్టీరింగు చేతుల్లో వణుకుతుంది. మొదటి వానలకు తేలిన గుంతలో చక్రం దబ్బున పడ్డాక మొదటిది అడిగి చేయించుకోవాలి. కొత్త టైర్లు వేసినప్పుడు రెండోది తప్పదు. ఏ లక్షణమూ లేనప్పుడు రెండూ కలిపి ప్రతిసారీ "పెట్టడం" సమాస ప్రీతి తప్ప మరేమీ కాదు.

దీనికి అనుబంధంగా ఒక సుప్రసిద్ధ ప్రశ్న ఉంది. బంకులో గాలి పట్టే కుర్రాడు "ఎంత పెట్టమంటారు?" అంటాడు. "నువ్వెంత పెడతావో అంతే" అన్న రీతిలో "ముప్పై ఐదు" వినిపిస్తుంది. అసలు జవాబు డ్రైవరు తలుపు తెరిస్తే కనబడే స్తంభం మీద స్టిక్కరులో ఉంటుంది. మనుషులు నిండా ఎక్కితే ఎంతో కూడా అక్కడే రాసి ఉంటుంది. టైరు గోడ మీది అంకె అది తట్టుకోగల గరిష్ఠం, పెట్టమని చెప్పినది కాదు. గాలి చల్లటి టైరులోనే కొలవాలి. నైట్రోజన్ పట్టించి ఆకుపచ్చ మూతలు తగిలించుకునేవారు మామూలు గాలిలోనే నూటికి 78 పాళ్లు నైట్రోజన్ ఉందని గుర్తుంచుకుంటే కుర్రాడికి టీ డబ్బులు మిగులుతాయి.

డీకార్బనైజింగు కూడా చేయించుకుంటే బండి స్మూత్‌గా ఉంటది: ఈ వచనానికంతటికీ ప్రాణం "కూడా" అనే అవ్యయం. పూర్వార్ధం చేదర్థకం, ఉత్తరార్ధం ఫలశ్రుతి. వ్రతకథల చివర వచ్చే ఫలశ్రుతికి మల్లే దీనికీ ఎంత ఫలం, ఎన్నాళ్లకు, ఎలా కొలవాలి అన్న వివరాలు ఉండవు. ఇంజిన్‌లో కార్బన్ పేరుకోవడం అబద్ధమేమీ కాదు. డైరెక్ట్ ఇంజెక్షన్ పెట్రోలు ఇంజిన్లలో ఇంధనం నేరుగా సిలిండరు లోపల చిమ్ముతుంది. గాలి వచ్చే వాల్వుల వెనక భాగాన్ని పెట్రోలు కడగదు, అక్కడ మడ్డి కడుతుంది. వాల్వుకు ముందే పెట్రోలు చిమ్మే పాత పద్ధతి ఇంజిన్లలో ఆ కడుగుడు నిత్యం జరుగుతూనే ఉంటుంది. మన రోడ్ల మీది చిన్న పెట్రోలు కార్లలో చాలామటుకు ఈ రకమే. ట్యాంకులో సీసా ఒంపే వైద్యం మొదటి రకానికి అవసరమైన చోటికి చేరదు, రెండో రకానికి అవసరమే తక్కువ.

మరి ఎప్పుడు చేయించాలి? బండి ఊగుతున్నా, లాగలేకపోతున్నా, స్కానరు పెట్టి కారణం తేల్చాక. ఇరవై వేల కిలోమీటర్లు తిరిగి, ఏ ఫిర్యాదూ లేని బండికి ఇది చెప్పినప్పుడు శ్రోత అడగవలసింది ఒక్కటే: "మాన్యువల్లో ఏ పేజీలో ఉంది?" ఇలాంటి అదనపు పనుల మీద అడ్వైజర్లకు నెలవారీ టార్గెట్లు ఉంటాయన్నది ఆ రంగంలో దాచిన రహస్యం కాదు. అతన్ని తిట్టుకోవడం దండగ, అతని గొంతును గమనిస్తే చాలు. ఈ వచనంలో గొంతు ఎక్కడ లేస్తుందో అక్కడ అవసరం తక్కువ. ఎక్కడ గబగబా దాటిపోతుందో అక్కడ ఆగి వినాలి.

ఏసీ గ్యాసు కొంచెం తగ్గింది: పెట్రోలులా గ్యాసు ఖర్చయ్యే సరుకు కాదు. మూసిన గొట్టాల్లో అదే గ్యాసు తిరుగుతూ ఉంటుంది. రబ్బరు గొట్టాల గుండా ఏళ్ల తరబడి రవ్వంత జారడం సహజమే గానీ, ప్రతి వేసవికీ "తగ్గింది" అంటే ఎక్కడో కారుతోందని అర్థం. కాబట్టి "నింపమంటారా" అన్న ప్రశ్నకు జవాబు "లీకెక్కడ?" అనే. గాలి చల్లగానే ఉండి జోరు తగ్గితే మాత్రం గ్యాసును అనుమానించనక్కర్లేదు. చాలా కార్లలో గ్లవ్ బాక్సు కిందికి దించితే దాని వెనక క్యాబిన్ ఫిల్టరు సొరుగులా బయటికొస్తుంది. వేపచెట్టు కింద నిలిపే బండి అయితే అందులో ఎండుటాకులు, ఈకలు, బూడిదరంగు దుమ్ముముద్ద. దాన్ని మార్చడానికి స్పానరు కూడా అక్కర్లేదు.

ప్యాడ్లు ఈసారికి నడుస్తాయి: ఈ వచనంలో అతి తక్కువ ఊనికతో పలికే వాక్యం ఇదే. ఆయిలు పాతదైతే ఇంజిన్ గొణుగుతుంది, ఏసీ చెడితే ఒళ్లు చెమటలు పడుతుంది. ప్యాడ్లు అయిపోతే బండి ఆగదు. కొత్త ప్యాడ్ మీద రాపిడికి పనికొచ్చే పొర సుమారు పది మిల్లీమీటర్లు. మూడుకు దిగితే మార్చుకోవడం మంచిదని మెకానిక్కుల లెక్క. "ఈసారికి" అన్న మాటలో అంకె లేదు, ఆ అంకెను శ్రోతే రాబట్టాలి. ఉదాహరణకు 30,000 కిలోమీటర్లలో పొర పది నుంచి నాలుగుకు వచ్చిందనుకుందాం. పదివేలకు రెండు చొప్పున అరిగింది. ఇవాళ "నడుస్తాయి" అన్నది నిజమే. వచ్చే సర్వీసు నాటికి మిగిలేది రెండే. వక్త దృష్టిలో "ఈసారి" అంటే ఈ సర్వీసు బిల్లు. శ్రోత దృష్టిలో "ఈసారి" అంటే రాబోయే ఏడాది మొత్తం. కొన్ని ప్యాడ్లకు చిన్న రేకు ఒకటి ఉంటుంది. పొర అయిపోవచ్చేసరికి అది డిస్కుకు తగిలి బ్రేకు నొక్కినప్పుడల్లా కీచుమంటుంది. ఆ కీచును "దుమ్ము సార్" అని కొట్టిపారేస్తే తరవాత ఇనుమూ ఇనుమూ ఒరుసుకుని డిస్కు మీద గాళ్లు పడతాయి, ప్యాడ్ల ఖర్చుకు డిస్కు ఖర్చు తోడవుతుంది.

ఇక్కడ అధ్యాహారం చేసుకోవలసిన పదం ఒకటుంది, అది మూలంలో అసలే లేదు: బ్రేక్ ఫ్లూయిడ్. ఇది గాలిలోని తేమను పీల్చుకునే ద్రవం. డాట్ 4 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదు. నీరు చేరాక ఆ కనీస ప్రమాణం 155కు పడిపోతుంది. ఊళ్లో తిరిగినన్నాళ్లూ తేడా తెలియదు. కొత్త కారుకు పూజ చేయించి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి తిరుమల వెళ్లినవాళ్లు దిగేది 1944లో తెరిచిన పాత ఘాట్ రోడ్డు మీదే. మలుపు మలుపుకీ కాలు బ్రేకు మీదే ఉంచి దిగితే ముందు మాడు వాసన వస్తుంది. ఆ పైన, పాత ఫ్లూయిడ్ ఉన్న బండిలో పెడలు మెత్తగా కిందికి పోతుంది: మరిగిన ద్రవంలో ఆవిరి బుడగలు చేరాయి, కాలి ఒత్తిడి చక్రాన్ని చేరడం లేదు. రెండో గేరులో దిగితే ఇంజినే బండిని పట్టి ఆపుతుంది. ఫ్లూయిడ్‌ను సాధారణంగా రెండేళ్లకోసారి మార్చమంటారు. గడువు పుస్తకంలో ఉంటుంది. దీనికి ఫలశ్రుతి చెప్పేవారు లేరు గనక అడిగి మరీ మార్పించుకోవాలి.

సాయంత్రం ఇచ్చేస్తాం: సాయంత్రం అనగా ఆరు దాటిన తరవాత, షట్టరు దించేలోపు ఏ సమయమైనా.

వర్షాకాలపు ప్రతుల్లో ఈ వచనమంతా లోపించి, ఒకే ప్రశ్న మిగులుతుంది: "మధ్యలో స్టార్ట్ చేశారా సార్?" 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ వైపు నీట మునిగినప్పుడు కార్ల యజమానులకు ఎదురైన ప్రశ్న ఇలాంటిదే. నీరు నొక్కినా కుదించుకోదు. సిలిండరులోకి చేరిన నీటి మీదికి పిస్టన్ లేస్తే వంగేది కనెక్టింగ్ రాడ్డే. ఇంజిన్ ప్రొటెక్ట్ అనే అదనపు కవరు లేని పాలసీ అయితే, స్టార్ట్ చేయడం వల్ల వచ్చిన నష్టాన్ని బీమా కంపెనీలు సాధారణంగా ఒప్పుకోవు. మునిగిన బండికి తాళంచెవి పెట్టకుండా టోయింగుకు ఫోను చేయాలి.

చేసేయమంటారా: ప్రశ్నార్థకం. తాత్పర్యం ఇది: మీటింగులోంచి రెండు నిమిషాలు బయటికొచ్చి మాట్లాడండి. ప్రతివచనానికి ఈ పాఠం సూచించడమైనది: "ఆయిలు, ఫిల్టరు మార్చండి. డీకార్బనైజింగు వద్దు. స్టీరింగు లాగడం లేదు, వణకడం లేదు, కాబట్టి అలైన్‌మెంటు, బ్యాలెన్సింగు తీసేయండి. గ్యాసు నింపకండి, లీకు చూసి చెప్పండి. ప్యాడ్లు ఎన్ని మిల్లీమీటర్లున్నాయో స్కేలు పక్కన పెట్టి ఫొటో పంపండి. బ్రేక్ ఫ్లూయిడ్ ఎప్పుడు మార్చారో హిస్టరీలో చూడండి. మార్చిన పాత సామాను డిక్కీలో పెట్టండి." అవతల కాసేపు నిశ్శబ్దం, తరవాత "ఓకే సార్". సాయంత్రం బిల్లులో ఆయిలు, ఫిల్టరు, లేబరు, వాటి కింద "కన్స్యూమబుల్స్" అని మరో వరస ఉంటుంది. గ్రీజు, గుడ్డపీలికలు, స్ప్రే అంటారు. ఎంత గ్రీజు, ఏ స్ప్రే అని అడిగితే కౌంటరులోని అమ్మాయి లోపలికి వెళ్లి కనుక్కుని వస్తుంది.