బిళ్లల లెక్క

మామయ్య తెనాలిలో ఓ పురుగుమందుల కొట్లో పాతికేళ్లు గుమాస్తాగా చేశాడు. ఎవరైనా ఎలుకల మందు అడిగితే ఇంట్లో చిన్నపిల్లలున్నారా, కుక్కో పిల్లో ఉందా, మందు ఎక్కడ పెడతారు అని అన్నీ కనుక్కున్నాకే పొట్లం చేతికిచ్చేవాడు. ట్యూబులో వచ్చే పేస్టు మాత్రం ఎవరికైనా వద్దనే చెప్పేవాడు. అందులో ఉండేది పసుపు భాస్వరం. దాన్ని టమాటా ముక్కకి రాసి వంటింటి గట్టు మీద పెడతారు, సంగతి తెలియనివాళ్లు తీసి కూరలో వేస్తారు. మింగిన రోజు వాంతులవుతాయి. మర్నాటికి మనిషి తేరుకున్నట్టే కనిపిస్తాడు, గండం గడిచిందని ఇంటికి తెచ్చేసుకుంటారు. మూడో నాలుగో రోజున కళ్లు పచ్చబడతాయి. అప్పటికే కాలేయం దెబ్బతిని ఉంటుంది. దానికి విరుగుడు మందంటూ లేదు. కథకి అడ్డమైనా ఇది చెప్పకుండా ఉండలేను.

సంక్రాంతి ముందు సొంతింట్లోనే ఎలుకలు పడ్డాయి. మామయ్య బ్రోమాడియోలోన్ బిళ్లలు తెచ్చాడు. అది రక్తాన్ని గడ్డకట్టనివ్వదు, ఎలుక కొన్ని రోజులకి చస్తుంది. పొరపాటున మనిషి నోట్లోకి పోయినా విరుగుడుగా విటమిన్ కె ఉంది. చేతులకి తొడుగులు వేసుకుని, నిచ్చెనెక్కి, అటక మీద గోడ వారగా ఒక బిళ్ల పెట్టాడు. నిచ్చెన పెరట్లో పడేశాడు. మిగతా బిళ్లలు బీరువాలో పెట్టి తాళం వేశాడు. పైకాగితం మాత్రం పారేయొద్దని, ఏదైనా అయితే డాక్టరు ముందు అదే అడుగుతాడని అత్తయ్యకి చెప్పాడు.

తెల్లారేసరికి బిళ్ల లేదు. చిన్న పలుకు కూడా మిగల్లేదు. ఇంకోటి పెట్టాడు, అదీ పోయింది. అలా ఆరు పెట్టాడు, ఆరూ పోయాయి. "బాగా తింటున్నాయే" అని మామయ్య సంతోషించాడు. చచ్చిన ఎలుక మాత్రం ఒక్కటీ కనబడలేదు. రాత్రిళ్లు కొత్త బియ్యం బస్తాల దగ్గర చప్పుడూ ఆగలేదు.

పండక్కి కూతురు మూడేళ్ల పాపని తీసుకుని వచ్చింది. భోగి నాడు మధ్యాహ్నం పాప మంచం కింద లక్కపిడతలు పరుచుకుని వంట చేస్తోంది. "తాతయ్యా, నీకు మైసూరుపాకు" అంటూ బుల్లి పళ్లెం చాపింది. పళ్లెంలో నీలం బిళ్ల. ఒక మూల కొరికి ఉంది. పాప పెదవులకి ఆ నీలం అంటుకుని ఉంది.

పక్కింటావిడ ఉప్పునీళ్లు తాగించి కక్కిద్దామంది. మామయ్య వద్దని, పాప నోరు తుడిచి, పైకాగితం జేబులో పెట్టుకుని ఆస్పత్రికి పరుగెత్తాడు. డాక్టరు కాగితం చదివి, ఈ మందు రక్తం మీద వెంటనే కనిపించదు, రెండు రోజులాగి పరీక్ష చేయాలన్నాడు. చేశారు. పాపకి ఏమీ కాలేదు.

ఇంటికొచ్చాక మామయ్యకి ఒకటే ప్రశ్న. అటక మీది బిళ్లని ఎవరు దింపారు? పనిమనిషిని అడిగాడు, అత్తయ్య మీద కేకలేశాడు. చివరికి పాపని ఒళ్లో కూచోబెట్టుకుని, "నీకెవరిచ్చారు తల్లీ?" అన్నాడు.

"ఎలుక."

ఎవరూ నమ్మలేదు. మర్నాడు మంచం జరిపి, దాని వెనక భోషాణం పక్కకి లాగారు. అసలు ఎర బిళ్లని మూతపెట్టెలో తీగకి గుచ్చి కదలకుండా పెట్టాలి. మామయ్యలా ఊరికే వదిలేస్తే ఎలుక దాన్ని ఎత్తుకుపోయి గూట్లో దాచుకుంటుంది. పైగా బస్తాల కొద్దీ బియ్యం నేల మీదే ఉండగా దానికి బిళ్ల తినాల్సిన అవసరమేముంది? భోషాణం వెనక పాతగుడ్డల గూట్లో అయిదు బిళ్లలు దొరికాయి. పట్టుకొచ్చిన పంటిగాట్లే తప్ప ఒక్కదాన్నీ తిన్నది లేదు.

ఆరోది పాప పళ్లెంలోది. ఆ ఇంట్లో ఆ మందు తిన్నది పాప ఒక్కతే.