నౌకానిర్మాణ వాక్యత్రయమునకు టీకాతాత్పర్యములు

అవతారిక: గౌతమీ వసిష్ఠల నడుమ, సముద్రము కంటికి కనబడకున్నను దాని గాలి కొబ్బరితోటలలో వినవచ్చుచుండు బండారులంకలో, బడి వదలిన పిమ్మట బాలబాలికలకు బొమ్మలు చేయ నేర్పు నొక యరుగు గలదని భావింతము. ఆ యరుగుమీది నల్లబల్లపై సుద్దతో వ్రాయబడిన మూడు వాక్యములను పూర్వవ్యాఖ్యాత లెవ్వరును ముట్టకుండుటచేత, ఆ భాగ్యము మాకు దక్కినది.

మూలము: “రేపు బడి వదిలాక పడవ బొమ్మ. చిప్ప, ఈనె, గుడ్డపీలిక ఎవరివి వాళ్లే తెచ్చుకోవాలి. కాలువ దగ్గరకు వెళ్లరాదు.”

టీక: బడి వదిలాక = గంట మ్రోగినంతనే; అనగా ఆకలివేళ. చిప్ప = నారికేళ కపాలార్ధము. అది రిక్తమై రావలె నన్నచో అందలి కొబ్బరి యెవరికడుపుననో చేరియుండవలెను గనుక, మూలమున చెప్పకున్నను భక్షణము అర్థాపత్తిచే సిద్ధించుచున్నది. అయితే కాయ పగిలినప్పుడు ఏర్పడు రెండు చిప్పలలో ఏది గ్రాహ్యము? కన్నులు లేని చిప్పయే యని మా సిద్ధాంతము. ముక్కంటి గంగను ధరించుట లోకప్రసిద్ధము గదా; మూడుకన్నుల చిప్పయు నట్లే, మెత్తని కంటిగుండ గంగను లోనికి రానిచ్చును.

ఈనె = తెరచాప కొయ్య; చీపురుకట్టనుండి మాతృజనమునకు తెలియకుండ గ్రహింపదగినది. క్రీ.శ. 2వ శతాబ్దమున యజ్ఞశ్రీ శాతకర్ణి ముద్రించిన నాణెములపై ఓడకు రెండు కొయ్యలున్నవి గాన రెండీనెలు కావలెనని ప్రాజ్ఞు లందురు. చీపురు సన్నగిల్లు ననుభయముచే ఒక్కటి చాలునని మధ్యస్థులు.

గుడ్డపీలిక = తెరచాప. అన్యదేశముల దీనిని కొనవలసి యుండునేమో గాని, మగ్గములున్న యీ యూర నేతయింట అడుగుటయే చాలును. పడుగునకు పట్టించిన గంజి గుడ్డలో నింకను మిగిలియున్న కారణమున, తడియనంతవరకు ఆ తెరచాప బిగువుగా నిలుచును.

శంక: తరించుటకే గదా నౌక, కాలువ దగ్గరకు పోరాదన్నచో పడవ యెందులకు? గోడకు తగిలించుటకే యని కొందరు సమాధానపడుదురు. అది యుక్తము కాదు. తాళ్లరేవు ప్రాంతమున ఓడలు కట్టిన వడ్రంగులు వానిని నీటియందే పరీక్షించిరి గాని గోడయందు కాదు. బర్మాలో తెలుగువారిని కోరంగీలని పిలుచునంతగా పేరొందిన కోరంగి రేవు 1839లో ఉప్పెనకు గురియైనది. అట్టి తీరమున పిల్లలను నీటికి దూరముగ నుంచుట గురువుల వివేకమే. కావున నిషేధము బాలురకే గాని పడవకు కాదు. పెరటిలోని నీళ్లగోలెము ఈ రెండు ధర్మములకును విరోధము లేకుండ సముద్రస్థానము వహించును.

తాత్పర్యము: చిప్ప అడుగున మట్టిముద్ద అదుమనిచో, ఈనె బరువునకు పడవ ఒరిగి బోర్లాపడును. ఇంత ముఖ్యమైన ద్రవ్యమును మూలకర్త విడిచెనేమని ఆక్షేపింపరాదు. చెప్పినచో అందరి పడవలును మొదటిసారియే తేలును. ఎందుకు తేలెనో ఒక్కరికిని తెలియదు. చెప్పకున్నచో గోలెమున మునిగిన పడవను పైకి తీసి, తిప్పి చూచి, మట్టికై పరుగెత్తు పిల్లవాడు వేయేండ్లనాటి సరంగుల రహస్యమును తానే కనుగొనును. కనుక తెచ్చుకొనవలసినవి మూడని, నాలుగవది నీరే చెప్పునని వాక్యార్థము. ఈ పరీక్షకు మార్కులు వేయునదియు నీరే యగుటచేత, గోడమీది బొమ్మకు లభించు మెప్పు దీనికి సాటిరాదు.

ఫలశ్రుతి: ఈ వ్యాఖ్య చదివినవారికి పాండిత్యము అబ్బును, పడవ చేసినవారికి చొక్కా తడియును. రెండవ ఫలమే శ్రేష్ఠము.