కాశీయాత్ర చరిత్ర: పటమటలోని ఒక ప్రతి కథ

కాశీయాత్ర చరిత్ర ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18 నుంచి 1831 సెప్టెంబరు 3 వరకు చేసిన ప్రయాణపు దినచర్య. తెలుగులో యాత్రారచనకు మొదలు చెప్పేటప్పుడు ఈ గ్రంథాన్నే చెబుతారు. రచయిత 1836లో కన్నుమూశాడు. పుస్తకం 1838లో అచ్చయింది. నూరేళ్లు దాటాక, బెజవాడ వకీలు, చరిత్ర పరిశోధకుడు దిగవల్లి వేంకట శివరావు దాన్ని పరిష్కరించి 1941లో మళ్లీ వెలుగులోకి తెచ్చారు. ఇక్కడ చెప్పుకుంటున్నది ఆ 1941 కూర్పులోని ఒక ప్రతి కథ. ప్రస్తుత నివాసం విజయవాడలోని పటమట.

ఈ ప్రతి పుట్టుక గురించి చెప్పవలసింది కొద్దే. సీసపు అక్షరాలు, యుద్ధం రోజుల కాగితం, దారపు కుట్టు. దీని గర్వమంతా లోపలి సరుకులో ఉంది. శివరావు రాసిన పీఠిక, వివరణలు లేకపోతే ఆ కాలపు ఊళ్ల పేర్లు, ఈస్టిండియా కుంఫిణీ కచేరీ మాటలు ఈనాటి పాఠకుడికి అందేవి కావు. కోర్టు పనులు చూసుకుంటూనే పాత పుస్తకానికి ఇంత సేవ చేసిన మనిషిని బెజవాడ ఇంకా ఎక్కువగా తలుచుకోవాలి.

వీరాస్వామయ్య 1780లో చెన్నపట్నంలో పుట్టాడు. చిన్నతనంలోనే తండ్రి పోయాడు. ఇంగ్లీషు నేర్చుకుని, పిన్నవయసులోనే కొలువులో కుదిరి, క్రమంగా మద్రాసు సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రిటరు పదవికి ఎదిగాడు. ఒక భాషలో విన్న మాటను మరో భాషలో పొల్లుపోకుండా చెప్పడం ఆయన వృత్తి. ఆ అలవాటే రచనలోనూ కనబడుతుంది. చూసినదాన్ని పెంచడు, తుంచడు. వాడుకకు దగ్గరగా ఉండే వచనంలో, అడ్డంగా వచ్చిన ఉర్దూ, తమిళ మాటలను తోసివేయకుండా రాసుకుపోతాడు. మజిలీల నుంచి మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్లెకు రాసి పంపిన ఆ సంగతులే తరువాత పుస్తకమయ్యాయి. అచ్చు వేయించిందీ ఆ స్నేహితుడే.

అప్పటికి దేశంలో రైలు లేదు. పల్లకీలో వీరాస్వామయ్య, మోసే బోయీలు, బంధువులు, పరివారం కలిపి సుమారు వందమంది కదిలారు. తిరుపతి, కడప, అహోబిలం, శ్రీశైలం, హైదరాబాదు, నిర్మల్, నాగపురం, జబల్పూరు, ప్రయాగ మీదుగా కాశీ చేరారు. గయ, కలకత్తా, పూరీ జగన్నాథం చూసుకుని తూర్పుతీరం వెంబడి తిరిగి వచ్చారు. దారిలో ఇసుక ఉందా, రాళ్లున్నాయా, ఊళ్లో బావినీళ్లు మంచివేనా, చెట్టు నీడ ఉందా, దుకాణాల్లో ఏం దొరుకుతాయి అని మజిలీ మజిలీకీ రాసిపెట్టాడు. శ్రీశైలంలో మల్లికార్జునుణ్ణి చూసి తరించి ఊరుకోలేదు. యాత్రికుల దగ్గర కందనూరు (కర్నూలు) నవాబు మనుషులు పన్ను గుంజుకోవడాన్నీ రాశాడు. భక్తి ఉన్నచోట కళ్లు మూసుకోకపోవడం ఈ గ్రంథానికున్న పెద్ద గుణం.

కృష్ణాతీరపు పాఠకుడు ఒక సంగతి గుర్తుంచుకుని చదవాలి. వీరాస్వామయ్య దాటిన కృష్ణకు ఆనకట్ట లేదు. బెజవాడ దగ్గర ఆనకట్ట 1852–55 మధ్య కట్టారు, ప్రకాశం బ్యారేజీ వచ్చింది 1957లో. బందరు కాలువ, ఏలూరు కాలువ నిండుగా పారే డెల్టాను ఆయన చూడలేదు. యాత్ర ముగిసిన ఏడాదికే గుంటూరు సీమను డొక్కల కరువు తుడిచిపెట్టింది. కరువుకు ముందరి తెలుగు తీరం ఎలా ఉండేదో కళ్లారా చూసి రాసిన పుస్తకాలు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. అందుకే ఈ ప్రతికి తన విలువ మీద నమ్మకం సడలలేదు.

మొదటి యజమాని కాగితం అంచున పెన్సిలుతో గీతలు పెట్టుకుంటూ చదివే మనిషి. కాశీకి వెళ్తూ ప్రతిని సంచిలో పెట్టుకుపోయాడు కూడా. ప్రయాణం గురించి రాసిన పుస్తకం ప్రయాణం చేసింది ఆ ఒక్కసారే. ఆయన తరువాత దాన్ని విప్పినవారు లేరు. బీరువాలో కొత్త సామాను పెట్టడానికి చోటు కావలసి వచ్చి అటకెక్కించారు. పటమటలో వేసవి తెలియనిది కాదు. అటక మీది వేడికి కాగితం గోధుమరంగుకు తిరిగి, మడిచినచోటల్లా విరగడం మొదలుపెట్టింది. వానాకాలంలో చెమ్మ, ఆ వెనకే చెదలు. హైదరాబాదు మజిలీల దగ్గర పుటలకు పుటలు జల్లెడైపోయాయి. కొన్నాళ్లు మంచపు కోడు కింద ఎత్తుకోసం పెట్టారు. ఇంట్లో పిల్లవాడికి అట్ట కావలసి వచ్చి ఎవరో వెనక అట్ట చింపుకున్నారు. చింపింది పిల్లవాడు కాదు, చదువుకున్న పెద్దవారు. అదే దీనికి ఇప్పటికీ మరవరాని బాధ.

ఆ ఇంటి పిల్లలు విదేశాల్లో స్థిరపడ్డారు. ఇంటిస్థలం అపార్ట్‌మెంటు కట్టడానికి బిల్డరుకు ఇచ్చారు. ఇత్తడి సామాను పంచుకున్నారు, టేకు తలుపులు అమ్ముకున్నారు, పుస్తకాలను గోనెసంచుల్లో కుక్కి పాత కాగితాల కొట్టుకు తూకానికి వేశారు. సంచిలో పాత పంచాంగాలు, కరెంటు బిల్లులు, వీరాస్వామయ్య ఒకే ధర పలికారు. అక్కడినుంచి లెనిన్ సెంటర్ పాత పుస్తకాల దుకాణానికి చేరడం అదృష్టమే. గుజ్జు మిల్లుకు పోయిన తోటి పుస్తకాలకు ఆ అదృష్టం పట్టలేదు.

దుకాణంలో కొన్నది పటమటకే చెందిన యువ యాత్రారచయిత్రి. అప్పటికి ఆమె తిరిగింది ఎక్కువగా డెల్టాలోనే: కూచిపూడి, ఘంటసాల, బందరు, కృష్ణ సముద్రంలో కలిసే హంసలదీవి. ఆర్టీసీ బస్సు, ఆటో, చివరికి నడక. వీరాస్వామయ్యను చదివాక ఆమె రాత మారింది. సూర్యాస్తమయాల వర్ణన తగ్గింది. ఆఖరి బస్సు ఎన్నింటికి, తాగేనీళ్లు ఎక్కడ, ఆడవాళ్లకు మరుగుదొడ్డి ఉందా, ఒంటరి స్త్రీకి గది ఇచ్చే లాడ్జి ఏది అన్నవి నోటుపుస్తకంలో ముందుకొచ్చాయి. వెనక వచ్చే బాటసారికి పనికొచ్చేది యాత్రారచన అన్న పాఠం ఆమెకు ఈ ప్రతే నేర్పింది. పాత పుస్తకానికి ఇంతకన్న గౌరవం లేదు.

ఆమె ముందున్న ఆశ పెద్దది. వీరాస్వామయ్య దారినే మజిలీ మజిలీగా కాశీకి వెళ్లాలి. పల్లకీ, పరివారం లేకుండా తిరిగే ఆడపిల్ల చేతిలో ఉంచుకోదగ్గ పుస్తకం తెలుగులో రాయాలి. శ్రీశైలం వరకూ ఒక విడత అయింది. నిర్మల్, నాగపురం దారి మిగిలి ఉంది. ఈ ప్రతికి మళ్లీ సంచిలో ప్రయాణం చేసే ఓపిక లేదు. ఆమె పుటలన్నీ ఫోనులో ఫొటోలు తీసుకుని, అసలును గుడ్డలో చుట్టి భద్రపరిచింది. యాత్ర ముగిశాక గ్రంథాలయానికి ఇవ్వాలని ఆమె ఉద్దేశం.

అందుకు తగిన చోటు దూరంలో లేదు. 1914లో బెజవాడలో పుట్టిన గ్రంథాలయ సంఘానికి నెలవైన సర్వోత్తమ భవనం పటమటలోనే ఉంది. గ్రంథాలయ ఉద్యమ నాయకుల్లో ఒకరైన పాతూరి నాగభూషణం 1935లో కృష్ణా కాలువ మీద పడవ గ్రంథాలయం నడిపి, రైతుల దగ్గరకే పుస్తకాలు పంపారు. పుస్తకాన్ని మనిషి దగ్గరకు చేర్చడానికి పడవ కట్టిన నేల ఇది.

పాత ఇల్లు ఖాళీ చేస్తున్నవారు సంచుల మూతి కట్టేముందు ఒక్కొక్క పుస్తకం విప్పి మొదటి పుట చూడండి. ఇంట్లో చదివేవారు లేకపోతే దగ్గరున్న గ్రంథాలయానికి అందజేయండి.